ఆడమందు

ఆ వేసవిలో మొదటి ముంజకాయ కోసి చూసింది హైమావతే. పరిశోధన కేంద్రం వరండాలో బల్ల మీద పాత పేపరు పరిచి కాయ తల చెక్కేసరికి మూడు గుంటలూ బయటపడ్డాయి. మామూలుగా అయితే వాటిలో నీళ్లు నిండిన మెత్తని ముంజలు వేలికి జారాలి. వేలు పెడితే ఖాళీ తగిలింది. అడుగున గోధుమరంగు పొర ఒకటి ఎండి అంటుకుని ఉంది. రెండో కాయ కోసింది. మూడోది కోసింది. గెల మొత్తం అయ్యాక కత్తి బల్ల మీద పడేసి కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఎండ దెబ్బేమో మేడం," అంది ఫరీదా. ఆ ప్రయోగశాలలో సూక్ష్మజీవుల పని చూసేది ఆమే.

"ఎండకి ముంజ చిన్నదవుతుంది. అసలు లేకుండా పోదు."

ఫరీదాకీ ఆ సంగతి తెలుసు. ఆడపువ్వు మీద వాలిన పుప్పొడి రేణువు నుంచి రెండు మగకణాలు లోపలికి దిగుతాయి. ఒకటి మొలకకు ప్రాణం పోస్తుంది, రెండోది ఆ మొలకకు తిండిగా ముంజను తయారుచేస్తుంది. ముంజ లేదంటే ఆ రెండూ రాలేదన్నమాట. కనుచూపు మేరంతా తాడిచెట్లే ఉన్న ఆ మెట్ట ప్రాంతంలో పుప్పొడి లేకుండా పోయిందంటే కారణం ఎవరో ఆ ఇద్దరికీ ఒకరు చెప్పనక్కర్లేదు.

హైమావతిది పక్కనే ఉన్న ఎర్రమెట్ట. కల్లుగీత కుటుంబం. ఆమె అన్న సూరిబాబు ఇప్పటికీ మోకు కట్టి చెట్టెక్కేవాడే. చెట్లు రైతులవి, గీత అతనిది. తాడిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగదాన్ని పోతుతాడి అంటారు, ఆడదాన్ని పెంటితాడి అంటారు. కల్లు రెండూ ఇస్తాయి గాని ముంజలు కాసేది పెంటితాడే. పట్నాల్లో ముంజలకు గిరాకీ పెరిగేకొద్దీ రైతులకు పోతుతాళ్లు దండగమారివిగా కనిపించసాగాయి. కాయనిదాన్ని మేపడమెందుకని దూలాలకు అమ్మేయడం మొదలుపెట్టారు. గొడ్డలి పడ్డ చెట్టల్లా సూరిబాబుకు తగ్గిపోయిన గీత. చెల్లెలు తాటిచెట్ల మీద పెద్ద చదువు చదివి అదే కేంద్రంలో శాస్త్రవేత్తగా చేరిన రోజుల్లో అతను అడిగిందొక్కటే, ఆ పోతుతాళ్లను నరక్కుండా ఏదైనా ఉపాయం ఉందా అని.

ఆ ఉపాయం కోసం ఆమె ఏళ్ల తరబడి సూక్ష్మదర్శిని ముందు కూర్చుంది. మగపువ్వును నిలువునా కోసి చూస్తే దాని నడిమధ్యలో ఎదగకుండా ఆగిపోయిన ఆడపువ్వు ఆనవాలు ఉంటుంది. దాన్ని ఎదగనివ్వకుండా అణిచిపెట్టే ఏర్పాటు చెట్టులోనే ఉంది. ఆ అణిచివేతను ఆపగలిగితే చాలు. తాటినీరాలో సహజంగా బతికే ఒక సూక్ష్మజీవికి ఆ పని నేర్పారు హైమావతీ ఫరీదా. మొదలుకు సన్నని రంధ్రం చేసి దాన్ని లోపలికి ఎక్కిస్తే, అది చెట్టంతా పాకి స్థిరపడుతుంది. మరుసటి ఏడు పోతుకంకులకు బదులు గుండ్రటి ఆడమొగ్గలు బయటికొస్తాయి.

మొదటి చెట్టు సూరిబాబు గీసేదే. రైతు దాన్ని అప్పటికే కలప వ్యాపారికి బేరం పెట్టేశాడు. మరుసటి మాఘంలో సూరిబాబు ఆ చెట్టెక్కి చాలాసేపు దిగలేదు. కింద హైమావతి మెడ నొప్పి పుట్టేలా పైకే చూస్తూ నిలబడింది.

"హైమా," అని పిలిచాడు చివరికి మట్టల మధ్య నుంచి. "ఇది కాయెడతందే."

ఆ మాట ఊళ్లు దాటిపోయింది. కేంద్రం దానికేదో అంకెల పేరు పెట్టింది గాని రైతులు ఆడమందు అన్నారు, అదే ఖాయమైంది. ఇరవై చెట్లకు ఒక పోతుతాడిని తప్పనిసరిగా మందు పెట్టకుండా వదలాలని హైమావతి సభల్లో చెప్పింది, కరపత్రాల్లో అచ్చువేయించింది. విన్నవాళ్లందరూ తలూపారు. ఎవరికి వారు పక్కవాడి పొలంలో పోతుతాడి ఉంటుందిలెమ్మనుకుని తమవాటికి మందు పెట్టించుకున్నారు. అయినా సరే, ఆ లెక్కలన్నీ కలిపి చూస్తే ఇంకా మందు తగలని పోతుతాళ్లు బోలెడు మిగలాలి. అవన్నీ ఏమైపోయాయన్నదే ఇప్పుడు ఆమెకు అంతుపట్టని సంగతి.

జీపు వేసుకుని ఫరీదాతో కలిసి ఊరూరా తిరిగింది. చూసిన ప్రతి చెట్టుకూ గెలలే. మా చెట్టుకు సూదే వేయించలేదని రైతులు ఒట్టేసి చెప్పేవారు. మొదళ్లు తడిమి చూస్తే నిజంగానే రంధ్రం గుర్తులు లేవు. అయినా అవి ఆడచెట్లయిపోయాయి. గాలికి పాకదని, పురుగుల వల్ల పాకదని, విత్తనం ద్వారా రాదని మూడు రకాల పరీక్షలు చేసి మరీ బయటికి వదిలిన మందు అది. జీపులో తిరిగొస్తూ ఫరీదా ఆ పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పుకుంటూ పోతుంటే హైమావతికి ఒళ్లు మండిపోయింది. ఫరీదా మీద కాదు. మరి ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

ఆ కోపంతోనే అన్న ఇంటికి వెళ్లింది. మధ్యాహ్నపు ఎండలో సూరిబాబు అరుగు మీద కూర్చుని చెక్క మీద పొడి చల్లి గీతకత్తి నూరుకుంటున్నాడు. వదిన నూకరత్నం మజ్జిగ తెచ్చిపెట్టింది. గ్లాసు చేతిలో పట్టుకుని హైమావతి ఆ కత్తి వంకే చూస్తూ ఉండిపోయింది. తెల్లారి లేస్తే ఆ కత్తి ఎన్ని చెట్ల గెలలు చెక్కుతుందో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒక చెట్టు నీరా ఆరకముందే ఇంకో చెట్టు కోతలో దిగుతుంది. చేసిన పరీక్షలన్నిటిలో కత్తి లేదు. ప్రభుత్వ ఆవరణలో కల్లు గీయకూడదు కాబట్టి కేంద్రంలోని చెట్లను ఎవరూ ఎప్పుడూ గీయలేదు. ఆ నిబంధన రాసినవాడికి తెలియకపోవచ్చు. గీతవాడి కూతురికి తట్టి ఉండాల్సింది.

"అన్నయ్యా, కత్తి ఓసారి ఇవ్వు."

"దేనికే?"

"పరీక్షకి."

సూరిబాబు నవ్వాడు. కత్తికి కూడా రోగమొచ్చిందా అన్నాడు. ఆమె నవ్వలేదు. తడిపిన దూదితో అంచు వెంబడి తుడిచి, దూదిని గాజుగొట్టంలో వేసి మూత పెట్టింది. మజ్జిగ తాగకుండానే లేచిపోయిందని నూకరత్నం తర్వాత చాలాసార్లు అంది.

ఆ సూక్ష్మజీవి పెరిగిన చోట పరీక్ష పళ్లెం నీలంగా మారేలా మొదట్లోనే ఏర్పాటు చేసుకున్నారు, గుర్తుపట్టడానికి. సూరిబాబు కత్తి తాలూకు పళ్లెంలో తెల్ల జాగా అన్నది మిగల్లేదు. మిగతా ఊళ్ల గీతవాళ్ల కత్తులు కూడా తుడిచి తెచ్చారు. ఆ పళ్లేలన్నీ బల్ల మీద వరసగా పెట్టాక ఫరీదా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.

విరుగుడు కోసం ఫరీదా అప్పటికే ప్రయత్నిస్తోంది. సూక్ష్మజీవిని చంపే మందు ఎక్కిస్తే నీరా శుభ్రమైపోయేది. కాని చెట్టు మళ్లీ ఆడమొగ్గలే తొడిగేది. ఒకసారి లేచిన ఆడపువ్వును మళ్లీ అణచడం చెట్టుకు తెలియలేదు. సూక్ష్మజీవి పోయినా అది చేసిన పని పోలేదు.

కేంద్రం డైరెక్టరు నరసింగరావు నివేదిక రెండుసార్లు చదివాడు. ఆయన చెడ్డవాడు కాదు, తాడిచెట్ల మీద ప్రేమ లేనివాడూ కాదు. ముంజలు రావని, పైగా గీతకత్తులే కారణమని తెలిస్తే రైతులు ఏం చేస్తారో ఆలోచించమన్నాడు. గొడ్డళ్లు తీస్తారు, పొలాలు చదునుచేసి సరుగుడు వేసుకుంటారు, అన్నాడు. ఈ సీజను గడవనివ్వమన్నాడు. ఈ సీజను గడిస్తే ఆ కత్తులు గోదావరి అవతలికి పోతాయని హైమావతి అంది. వలస గీతకు వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆయన నివేదికను పునఃపరిశీలనకు రాశాడు. ఆమె మళ్లీ నమూనాలు పంపింది, మళ్లీ నీలమే వచ్చింది. ఇంకో ప్రయోగశాలలో చూపించమని పైనుంచి రాశారు. అక్కడా నీలమే వచ్చింది. ఈ ఉత్తరాలు తిరుగుతున్నంత కాలమూ కత్తులూ తిరుగుతూనే ఉన్నాయి.

నివేదిక చివర హైమావతి రాసిన సూచన చిన్నది. చెట్టు మారేటప్పుడల్లా కత్తి అంచును మంటలో కాల్చి గీయాలి, గీతవాళ్లకు ఒక్కొక్కరికీ చిన్న స్టవ్వు ఇవ్వాలి, అంతే. వెళ్లిన దానికీ తిరిగొచ్చిన దానికీ పోలిక లేదు. ఆ మండలాల్లో తాటిగీతను పూర్తిగా నిలిపివేస్తూ ఉత్తర్వు వచ్చింది. చెట్టు చెట్టుకూ కత్తి కాల్చారో లేదో ఎవరు చూడొచ్చారు అన్నది పైవాళ్ల వాదన. ఉత్తర్వు మొదటి వాక్యంలోనే ఆమె పేరు ఉంది, ఫలానా శాస్త్రవేత్త నివేదిక ననుసరించి అని.

ఎర్రమెట్టలో గీతసంఘం వాళ్లు సూరిబాబు ఇంటి ముందు చేరారు. అతని కుండలు ఒక్కోటీ తెచ్చి వాకిట్లో పగలగొట్టి వెళ్లారు. హైమావతి వెళ్లేసరికి నూకరత్నం పెంకులు ఏరుతోంది. ఆడపడుచు వచ్చినట్టే గుర్తించలేదు. సూరిబాబు మోకు చుట్టచుట్టి దండెం మీద వేస్తున్నాడు.

"కత్తి కాల్చి గీయమంటే గీసేవోళ్లం కదే," అన్నాడు అటు తిరిగే. "ఆ మాట మాకెవరూ సెప్పలేదు."

"నేను రాశానన్నయ్యా. అదే రాశాను."

"రాసేవు. వాళ్లకి రాసేవు. మాకు సెప్పలేదు."

పై అనుమతి లేకుండా బయట చెప్పకూడదన్న నిబంధన ఒకటుంది. అది చెప్పబోయి మానేసింది. కాసేపు నూకరత్నంతో పాటు పెంకులు ఏరింది. వదిన చేతిలోని తట్ట ఆమె వైపు జరపలేదు, వెనక్కి లాక్కోనూ లేదు.

సూరిబాబు రాజమండ్రిలో సిమెంటు గోడౌనులో పనికి కుదిరాడు. చెట్టెక్కిన మనిషి బస్తాలు మోస్తుంటే నడుం నిలవడంలేదని ఎవరో చెప్పారు. హైమావతి ఫోను చేస్తే ఎత్తేవాడు, బాగున్నానని పెట్టేసేవాడు.

మిగిలిన దారి ఒకటే. కత్తి ముట్టని పోతుతాడి ఎక్కడైనా ఒకటి మిగిలి ఉండాలి. దాని పుప్పొడి తెచ్చి, నీరాలో సూక్ష్మజీవి లేని ఆడచెట్టుకు చేత్తో అద్ది, ఆ టెంకల నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. కేంద్రంలోని పోతుతాళ్లన్నిటికీ పరీక్షల కోసం ఎప్పుడో మందు ఎక్కించేశారు. కత్తి ముట్టని తాడిచెట్టంటే ఆ ప్రాంతంలో గీతవాడు అడుగుపెట్టలేని జాగా ఏదైనా ఉండాలి. ఫరీదా ఉపగ్రహం తీసిన ఫొటోలు ముందేసుకుని, ఎప్పుడో మూతపడిన ఒక పంచదార ఫ్యాక్టరీ ఆవరణను పట్టుకుంది. వాటాదారుల తగాదాతో కోర్టు సీలు వేసిన జాగా. ప్రహరీ లోపల ముళ్లకంపలూ, వాటి మధ్య తాడిచెట్లూ.

లోపలికి వెళ్లడానికి అనుమతి కోసం ఆమె ఎక్కని మెట్టు లేదు. కోర్టువారు నియమించిన అధికారి సెలవులో ఉండేవాడు. సెలవు నుంచి వచ్చాక బదిలీ అయ్యాడు. కొత్తాయన తాటిచెట్లు ఆస్తి జాబితాలో ఉన్నాయా లేవా తేల్చమన్నాడు. ఈలోగా మాఘం వచ్చేసింది. పోతుతాడి కంకుల్లో పుప్పొడి రాలేది ఆ కొద్ది రోజులే, దాటితే మళ్లీ ఏడాది. ఒక ఉదయం ఆ గేటు ముందు జీపాపి, వాచ్‌మన్ అప్పన్నను బతిమాలినా లోపలికి వదలకపోతే, ప్రహరీ బయటి నుంచే ఒక చెట్టును చూసింది. మట్టల మధ్య నుంచి ఉంగరాలు తొడిగిన వేళ్లలా పోతుకంకులు వేలాడుతున్నాయి. ఎన్నో నెలల తర్వాత చూసిన మగచెట్టు. అక్కడే నిలబడి ఆమె కొత్త అధికారికి ఫోను చేసింది. చెట్టుకు కత్తి తగలనివ్వనని, మట్ట విరవనని, రాలే దుమ్ము మాత్రమే పట్టుకుంటానని చెప్పింది. దుమ్ము జాబితాలో లేదని ఆయనే అన్నాడు. అలాగైతే తనకు అభ్యంతరం లేదన్నాడు.

అనుమతి వచ్చింది గాని ఎక్కేవాళ్లు దొరకలేదు. గీతసంఘం వాళ్లెవరూ ఆమె పిలిస్తే రాలేదు. చివరికి రాజమండ్రి వెళ్లింది. గోడౌను బయట టీకొట్టు దగ్గర సూరిబాబు సిమెంటు పట్టిన చేతులతో గ్లాసు పట్టుకుని ఆమె చెప్పిందంతా విన్నాడు. ఎన్నాళ్లు పడుతుందని గాని, దానివల్ల ఎవరికేంటని గాని అడగలేదు.

"కత్తి లేకుండా ఎక్కాలా?" అన్నాడు.

"అవునన్నయ్యా. మోకు కూడా కొత్తది. నేను కొన్నాను."

"కొత్త మోకు జారుద్దే. పద, ఇసకేసి తోమాలి దాన్ని."

ఆ పూటే వచ్చాడు. ఫ్యాక్టరీ ఆవరణలో ముళ్లకంపలు కొట్టి దారి చేసుకుని, మోకు బిగించి, నడుం పట్టుకుని ఒక్క నిమిషం ఆగి, పైకి వెళ్లాడు. కంకులకు కాగితం సంచులు కట్టి, తట్టి, దిగాడు. సంచి అడుగున లేతపసుపు పొడి రెండు చెంచాలు కూడా లేదు. హైమావతి దాన్ని చూసిన తీరుకు అతను జడుసుకుని, తక్కువైందా, మళ్లీ ఎక్కనా అని అడిగాడు. ఆమె అడ్డంగా తలూపింది.

మరుసటి రోజు కేంద్రం ఆవరణలో, గీత అన్నదే ఎరగని రెండు పెంటితాళ్లు ఎక్కాడు. వాటి నీరాలో సూక్ష్మజీవి లేదని ఫరీదా ముందే తేల్చింది. మొగ్గ విచ్చిన చోటల్లా కుంచెతో పుప్పొడి అద్ది, సంచి కట్టమని హైమావతి కింద నుంచి చెబుతూ వచ్చింది. కొన్ని మొగ్గలు అప్పటికే నల్లబడ్డాయి. కొన్ని ఇంకా విచ్చుకోలేదు, వాటికి అద్దినా వృథాయే. ఒక గెల మొత్తం ఆ రాత్రి ఈదురుగాలికి విరిగిపడింది. పొద్దున్నే దాన్ని చూసి ఫరీదా ఏడ్చేసింది. హైమావతికి ఏడుపు రాలేదు. విరిగిన గెలను కాలితో ఒక్క తన్ను తన్ని ఆఫీసులోకి వెళ్లిపోయింది.

నిలిచింది ఒకే గెల. వైశాఖంలో అందులోంచి ఒక కాయ కోయక తప్పలేదు, లోపల ఏముందో చూడ్డానికి. ఆ రోజు సూరిబాబుతో పాటు నూకరత్నం కూడా వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పలేదు, వరండా మెట్టు మీద కూర్చుంది. హైమావతి కాయ తల చెక్కింది. మొదటి గుంట ఖాళీ. రెండో దాంట్లో వేలు పెడితే మెత్తగా, చల్లగా తగిలింది. మూడో దాంట్లోనూ ఉంది.

ఒక ముంజ ఫరీదా పరీక్షకు తీసుకుంది. రెండోది హైమావతి అరచేతిలో పెట్టుకుని, ఏం చేయాలో తోచక, వదినకు అందించింది. నూకరత్నం పొర ఒలిచి సగం తిని సగం మొగుడికిచ్చింది.

"బానే ఉంది," అంది. కుండలు పగిలిన నాటి నుంచి ఆమె ఆడపడుచుతో అన్న మొదటి మాట అది.

మిగిలిన కాయలు పండి రాలేదాకా కాచుకున్నారు. టెంకలు తీసి ప్రయోగశాల వెనక ఇసుక కలిపిన మడిలో నాటడానికి కూర్చున్నారు. తేగల కోసమైతే టెంకలను కుప్పగా పాతరేసి, మొలక దిగాక తవ్వి తినేస్తారు. వీటిని తవ్వకూడదు, చెట్లవ్వాలి. హైమావతి మూరెడు దూరానికొకటి గుంట తీస్తుంటే సూరిబాబు టెంకలు పెడుతున్నాడు.

"ఇయ్యన్నీ పోతుతాళ్లేనా?" అన్నాడు.

"కాదు. దాదాపు సగం."

"ఏ సగం?"

ఆమె చేతిలోని గునపం ఆగింది. తాడిమొక్క మగదో ఆడదో పూత పూసేదాకా ఆకును చూసి గాని, వేరును చూసి గాని ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగే పరీక్ష కోసం ఫరీదా తంటాలు పడుతోంది, ఇంతవరకూ ఏదీ నిలవలేదు. పూత రావడానికి పన్నెండేళ్లు, పదిహేనేళ్లు. అప్పటికి హైమావతి ఈ ఉద్యోగంలో ఉండదు. పునఃపరిశీలన రాసిన డైరెక్టరూ ఉండడు. ఉత్తర్వు ఇచ్చినవాళ్లెవరూ ఉండరు. ఉత్తర్వు మాత్రం ఉంటుందేమో.

"తెలీదన్నయ్యా. పూశాకే తెలుస్తుంది."

సూరిబాబు మడి వైపు చూశాడు. తాను నాటిన టెంకలను లెక్కపెడుతున్నాడేమో అనుకుంది ఆమె. అతను ఆవరణ గోడ వైపు, గోడ అవతల ఆడచెట్లుగా మారిపోయి నిలబడ్డ తాళ్ల వైపు చూస్తున్నాడు. దొంగతనంగా గీసేవాళ్లు అక్కడక్కడా ఉన్నారని అందరికీ తెలుసు. ఉత్తర్వు కత్తిని ఆపలేకపోయింది, దాచుకోవడం మాత్రం నేర్పింది.

"అన్నేళ్లూ వీటి దగ్గరికి కత్తి రాకుండా ఒకడు కూచోవాలి కదా," అన్నాడు. "ఎవడి కత్తి ఏ దారిన వత్తాదో నాకు తెలుసు. నన్ను కూచోబెట్టు."

హైమావతికి ఆ క్షణంలో అవునని అనేయాలనిపించింది. రోజుకూలీ మీద మనిషిని పెట్టుకోవాలన్నా డైరెక్టరు సంతకం కావాలి, ఆయన పైకి రాయాలి, నిషేధం ఉన్న గీతవాడిని తాడిమొక్కలకు కాపలా పెట్టడమేమిటని పైవాళ్లు అడుగుతారు. ఆ ఉత్తరాలు ఏ వరసలో వస్తాయో ఆమెకు ఇప్పుడే కనిపిస్తున్నాయి.

"దానికి ఫైలు పెట్టాలన్నయ్యా."

"పెట్టు," అని అతను ఇంకో టెంక అందుకుని, ఆమె సగం తవ్వి వదిలేసిన గుంటను చేత్తోనే లోతు చేసుకోసాగాడు.